ముందు ఎవులితో మాస్టారూ?

పోయిన వారం పలాస స్టేషనులో పాసింజరు కోసం కూర్చున్నాను. బండి ఎప్పట్లాగే ఆలస్యం. హాకీ కర్రల సంచులు భుజాన వేసుకుని ఆడపిల్లలు కొందరు గుంపుగా వచ్చి నా పక్క బెంచీ మీద పడ్డారు. ఏ ఊరి పిల్లలో నేనడగలేదు. వాళ్లలో పొట్టి జడల పిల్ల ఒకతె తమ టీచరమ్మ చున్నీ పట్టుకు లాగి, "ముందు ఎవులితో మేడమ్?" అని అడిగింది. ఆవిడ ఫోనులోంచి తలెత్తకుండానే, "ఎవులితో అయితే ఏటే? ఆడ్డానికే కదా ఎల్తన్నాం," అంది.

ఆ పిల్ల మొహం కాస్త వాడింది. నాకు మాత్రం గుండెలో ఎవరో చెయ్యి పెట్టినట్టయింది. ముందు ఎవరితో ఆడాలి, తర్వాత ఎవరితో ఆడాలి అన్న ఒక్క ఆలోచనతో చివరి రోజులన్నీ గడిపిన మనిషిని నేనెరుగుదును. మా ఊళ్లో అందరూ ఆయన్ని హాకీ మాస్టారు అనేవారు. నేనూ అలాగే అంటాను. బడి గోడ మీద పేరు రాయిస్తామంటేనే వద్దన్న మనిషి, నేనిక్కడ రాస్తే ఊరుకుంటారా?

మాది కవిటి దగ్గర ఊరు. మా పెరటికీ హైస్కూలు గ్రౌండుకీ మధ్య కొబ్బరి మట్టల దడి ఒక్కటే అడ్డం. నేను బడికెళ్లి చదువుకున్నదాన్ని కాను. మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి దేవుడి పద్యాలతోనే అక్షరాలు దిద్దించారు. అందుకని బడి అంటే నాకు దడికి అవతలి నుంచి వినిపించే గోలే. ఆ గోలలోకి మా అమ్మాయి జానకి వెళ్లి చేరింది. హాకీ జట్టుకి గోలుకీపరు. మోకాళ్ల నుంచి పాదాల దాకా దిండ్లు కట్టుకుని నడుస్తుంటే పెళ్లికి కట్టిన అరటిబోదె నడిచొస్తున్నట్టుండేది.

మాస్టారు మా అరుగు మీదికి మొదటిసారి వచ్చింది నీళ్ల కోసం. ఎండలో ఆడించి ఆడించి పెదాలు తెల్లబడిపోయి ఉన్నారు. నేను చెంబుతో తెచ్చాను. ఆయన చేత్తో ఆపి, "సెంబొద్దు సెల్లమ్మా. మీ దేవుడికాడ తీర్థమిచ్చే గిన్నుంటాది సూడు, ఆపాటిది సాలు," అన్నారు.

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. మా ఇంటాయన వెళ్లిపోయింది కూడా మా వైపు ఇంటింటా ఉన్న ఆ కిడ్నీ జబ్బుతోనే. నీళ్లు కొలిచి తాగే మనుషుల్ని ఉద్దానంలో పుట్టినవాళ్లెవరూ రెండోసారి అడగరు. చిన్న గిన్నెడు తెచ్చాను. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, చాలాసేపు ఉంచుకుని, అరుగు పక్కన నాటిన బంతి మొక్కకి ఊసేశారు. మిగిలింది మింగారు. "ఈ మొక్క నాకంటే బాగా తాగతంది," అని నవ్వారు.

ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవారు. ఎడమచేతి మీద డయాలసిస్ సూదుల కోసం చేసిన ఉబ్బు కనబడకుండా. పిల్లలు కొత్తలో భయపడ్డారు. ఒకరోజు ఆయనే చెయ్యి మడిచి, "రండే, ఇనండి. నాలో మోటారు ఆడతంది," అని ఒక్కొక్కరి చెవి ఆనించి వినిపించారు. రక్తం గుయ్ గుయ్యిమంటూ పరుగెత్తే చప్పుడు. జానకి ఇంటికొచ్చి, "అమ్మా, మాస్టారి సేతిలో జోరీగుంది," అంది. ఆ రోజు నుంచి ఆయన జబ్బు వాళ్లకి ఒక ఆట వస్తువైపోయింది. అలా చేయడానికి ఎంత మనసుండాలో ఆలోచించినప్పుడల్లా అలాంటి మనిషిని మా గుమ్మంలోకి పంపినందుకు స్వామికి దణ్ణం పెట్టుకుంటాను.

ఆయన రాకముందు మా పిల్లల జట్టు పేరుకే జట్టు. ఏటా పోటీలకు వెళ్లడం, మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయి ఏడుస్తూ రావడం. మాస్టారు వచ్చిన మొదటి ఏడూ అదే జరిగింది. చీటీల్లో బలమైన జట్టు తగిలింది. తిరిగొచ్చాక చాలామంది గ్రౌండు మొహం చూడలేదు. ఆ సాయంత్రం ఆయన మా అరుగు మీద కూర్చుని అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"ఆటలో ఓడిపోనేదు సెల్లమ్మా. బస్సు దిగినప్పుడే ఓడిపోనారు. అవతలోళ్ల బూట్లు సూసి."

"మరేటి సేత్తారు మాస్టారూ?"

"పసిగుంటకి ముందే ఆవకాయ ఎడతామేటి? గంజి పట్టాల. తరవాత పప్పన్నం. నోరు అలవాటయినాక ఆవకాయ."

ఇక అక్కణ్ణించి ఆయన పని అదే. సూదులు లేని రోజుల్లో బండేసుకుని ఊరూరా తిరిగేవారు. ఎక్కడ కొత్తగా కర్ర పట్టిన పిల్లలున్నారో కనుక్కునేవారు. పూండిలో ఉన్నారని తెలిసి మొదట వాళ్లతో ఆడించారు. గెలిచారు. కొన్నాళ్లకి నిమ్మాడ వైపు జట్టుతో. కష్టం మీద గెలిచారు. ఇంకొకరితో సమానంగా ఆడారు. ఏ జట్టు తర్వాత ఏ జట్టో ఆయన లెక్క ఆయనదే. పిల్లలు మాత్రం ఆటో ఎక్కుతూనే అరిచేవారు.

"ఈరోజు ఎవులితో మాస్టారూ?"

"గంజే, గంజే. గడగడా తాగీసి వొచ్చీడమే."

"పోయినసారీ గంజన్నారు! మోకాలు సితికిపోనాది నాకు!"

"గంజిలో ఒకో పాలి మెతుకులుంటాయి మరి."

అప్పుడు ఆటో అంతా నవ్వు.

ఆయన లెక్క తప్పని నేననను. నా కళ్లతో చూశాను కదా. గెలుస్తున్న కొద్దీ పిల్లల నడకే మారిపోయింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి చేతులు నల్లబడిపోయిన తల్లులు, "మా గుంట ఇంట్లో కూడా కేకలేసి మాటాడతంది, ఏటి నేర్పినారో ఆ మాస్టారు," అని నవ్వుతూ తిట్టేవారు. మా జానకి వీధిలో తల దించుకుని నడిచే పిల్ల. అది కూడా గోలు ముందు నిలబడి "ఎడమకి! ఎడమకి రాయే!" అని అరుస్తుంటే దడికి ఇవతల నాకు వినబడేది. పొయ్యి మీద అన్నం మాడినా సరే, కాసేపు నిలబడి వినేదాన్ని.

ఒక్క జట్టుని మాత్రం ఆయన దగ్గరికి రానిచ్చేవారు కాదు. టెక్కలిలో ఒక హాస్టలు పిల్లల జట్టుంది. ఏళ్లుగా వాళ్లే గెలుస్తారు. మొదటి ఆటకే ఇంటికొచ్చేసే మా పిల్లలు వాళ్లని ఎప్పుడూ చూడనే లేదు. వాళ్ల కోచ్ సారు రెండు మూడు సార్లు ఫోను చేసి, ఓసారి కలిసి ఆడిద్దాం అన్నారట. మాస్టారు ఏదో ఒకటి చెప్పి తప్పించేవారు. "ఆవకాయ ఇంకా ఒద్దు," అనేవారు నాతో. నాకెందుకో అప్పుడే అనిపించింది, ఆ భయం పిల్లలదా, ఈయనదా అని. కానీ ఆయనకి చెప్పేటంతదాన్ని కాను.

ఆ ఏడు బడి పెద్దసారు ఖండితంగా చెప్పేశారు. ఈసారి సెమీస్‌కి వెళ్లకపోతే హాకీ ఆపేస్తారు. కర్రలు తాళం పెట్టేస్తారు, గ్రౌండు వేరే ఆటకిస్తారు, మాస్టారిని మళ్లీ తీసుకోరు. పిల్లలకీ ఆ సంగతి తెలుసు. జానకి రాత్రి కంచం ముందు కూర్చుని తినకుండా, "అమ్మా, ఆపేత్తే నేనేటి సెయ్యాల?" అంది. పదో తరగతి అవగానే పెళ్లి మాటలెత్తడానికి మా బావగారు సిద్ధంగా ఉన్నారు. దానికి దిండ్లు కట్టుకుని గోలు ముందు నిలబడే ఆ కాస్త చోటు తప్ప ఇంకో చోటు లేదు.

పోటీల చీటీలు తీసిన రోజు మాస్టారు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నేను గిన్నె తేబోతే, "సెంబు తే," అన్నారు. తెచ్చాను. గటగటా సగం తాగేశారు. ఏమని అడగను? పిల్లలు దడి మీంచి తొంగి చూసి, "ముందు ఎవులితో మాస్టారూ?" అని కేక వేశారు. ఆయన మూతి తుడుచుకుని, "సోంపేట వైపు కొత్త జట్టు. గంజి," అన్నారు. "తరవాతే మరి టెక్కలోళ్లు. అక్కడ సూసుకుందాం."

పోటీలు పలాసలో. ఓడితే ఇంటికే. రెండు గెలిస్తే సెమీస్. నేను పులిహోర కలుపుకుని పిల్లలతోనే వెళ్లాను. మైకులో పాటలే తప్ప పేర్లు వినబడటం లేదు. ఎర్ర చొక్కాల జట్టొకటి దిగింది. మంచి బూట్లు. మా వాళ్లలో ఒకతె, "కొత్త జట్టుకి అంత మంచి బూట్లేటే?" అంది. మాస్టారు వెంటనే, "కొత్త జట్టు కాబట్టే కొత్త బూట్లు. పెళ్లికూతురికి కొత్త సీర ఉండదేటి?" అన్నారు. నవ్వుతూ దిగారు.

ఎంత ఆట ఆడారో నేను చెప్పలేను. ఆ ఎర్ర చొక్కాల వాళ్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. మా పిల్లలు ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. "గంజే కదే! తోసీయే!" అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఆడారు. జానకి ఒక బంతిని పొట్టతో ఆపింది. చివరికి ఒక్క గోలుతో గెలిచారు. ఎర్ర చొక్కాల పిల్లలు నేల మీద కూలబడి ఏడుస్తుంటే, కొత్త పిల్లలు పాపం, అనుకున్నాను.

మాస్టారు మమ్మల్ని అక్కడ నిలబడనివ్వలేదు. ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా గోడ అవతల నీడలోకి తోలుకెళ్లి కూర్చోబెట్టారు. ఆయన మాత్రం కూర్చోలేకపోయారు. కాళ్లు ఉబ్బి చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి. ముందు రోజు డయాలసిస్‌కి వెళ్లాల్సింది, వెళ్లలేదని అప్పుడు తెలిసింది. మాట్లాడుతుంటే ఊపిరందటం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరో ఆటో తెచ్చారు. ఎక్కించాక కూడా తల బయటపెట్టి, ఒక్కో మాటా కూడదీసుకుని అన్నారు.

"ఇప్పుడొచ్చీది టెక్కలోళ్లు. ఒళ్లు దగ్గరెట్టుకోండి. ఎవులూ ముందుకి పోవొద్దు."

ఆటో వెళ్లిపోయింది. సాయంత్రం నీలం చొక్కాల జట్టు దిగింది. బక్క పిల్లలు. ఇద్దరికి బూట్లే లేవు, ఉత్త కాళ్లు. ఆ కాళ్లు చూసి కూడా మా వాళ్లకి అనుమానం రాలేదు. టెక్కలోళ్లన్న మాట చెవిలో అంత బలంగా పడింది. "బూట్లు నేకుండానే ఆడతారంటే ఎంత మొండోళ్లో," అనుకున్నారట. గోలు ముందు అందరూ గోడ కట్టేశారు. ఒక్కరు ముందుకి పోలేదు. నీలం చొక్కాల పిల్లలు వచ్చి కొట్టడం, వీళ్లు అడ్డుకోవడం. ఎదుటి గోలు దగ్గరికి ఒక్కసారి వెళ్లినా అయిపోయేదని ఇప్పుడంటారు అందరూ. చివర్లో ఎవరి కర్రకో తగిలి, దారి తప్పిన బంతి ఒకటి జానకి కాళ్ల సందులోంచి వెళ్లిపోయింది.

అంతే. అయిపోయింది.

బస్సు కాంప్లెక్సులో ఎర్ర చొక్కా పిల్ల ఒకతె మా దగ్గరికి వచ్చింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఏటే, మమ్మల్ని కొట్టీసి, ఆ సోంపేట గుంటల సేతిలో ఓడిపోనారా? మీకేటి పోయేకాలం?" అంది.

జానకి, "మీదే ఊరు?" అనడిగింది.

"టెక్కలి హాస్టలు. ఏం, తెలీదేటి?"

బస్సులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. పులిహోర గిన్నె సగానికి సగం అలాగే ఇంటికొచ్చింది.

రెండు రోజులాగి పిల్లల్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. మాస్టారికి మిషను పెట్టి ఉంది. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. పిల్లల్ని చూసి లేవబోయారు. జానకి మంచం కాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"మాస్టారూ, ఆరోజు పొద్దున్న మేం కొట్టింది ఎవుల్ని?"

ఆయన మళ్లీ దిండు మీదికి వాలారు. "టెక్కలోళ్లని."

"మాపిటికి మమ్మల్ని కొట్టింది?"

"కొత్త గుంటలే."

"మరి ఆటో ఎక్కినప్పుడైనా సెప్పకపోనారా?"

"సెప్దామనే అనుకున్నానమ్మా. గెలిసిందెవుల్నో తెలిత్తే కాళ్లు నేల మీద ఆనవనుకున్నాను. పెద్ద జట్టని భయముంటే జాగర్తగా ఆడతారని..." ఊపిరి కోసం ఆగారు. "ముందే సెప్తే మీ గుండె జారిపోద్దని."

"జారితే జారుద్ది. మా గుండే కదా!" అరిచేసింది జానకి. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పారు. నేను భుజం పట్టుకుంటే విదిలించేసింది. "నమ్మకం నమ్మకం అంటారు. మమ్మల్ని మీరే నమ్మనేదు. పొద్దున్న గెలిసింది మేం కాదు, మీ అబద్ధం. మాపిటికి ఓడిపోయింది మాత్రం మేమే."

పెద్దవాళ్లనలా అనొచ్చా అని మందలించబోయాను. మాస్టారు చెయ్యెత్తి వద్దన్నారు. ఆయన ఏడవలేదు. ఎవరో తన ఇంటి తలుపు తీసి లోపల దీపం పెడితే, అన్నాళ్లూ అక్కడే ఉన్న బూజుని మొదటిసారి చూసుకున్న మనిషిలా ఉన్నారు. "ఒక్క పాలి అడిగితే బాగుణ్ణు, మిమ్మల్నే. ఎవులితో ఆడతారర్రా అని," అన్నారు. జానకి వైపు తిరిగి, "ఇప్పుడడగొచ్చా?" అన్నారు.

జానకి ముక్కు తుడుచుకుంది. "టెక్కలోళ్లతో."

ఆయన అక్కడే ఫోను తీయించి, టెక్కలి సారుకి చేశారు. "మా పిల్లలు మీతో ఆడతారంట సారూ. నాను అంటంనేదు, ఆళ్లే అడగతన్నారు," అన్నారు. వచ్చే ఆదివారం అని అనుకున్నారు. పిల్లలు వెళ్లేటప్పుడు ఎప్పుడూ చెప్పే జాగ్రత్తలేవీ చెప్పలేదు.

ఆదివారం దాకా ఆయన ఉండలేదు. శుక్రవారం పొద్దున్న మిషను మీదే గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. ఆయనకి భార్యాపిల్లలెవరూ లేరని అప్పటి దాకా మాకు తెలియదు. బారువ నుంచి అక్కగారొకావిడ వచ్చింది. దహనానికి కొబ్బరి మట్టలు మా తోటలోంచే వెళ్లాయి. పిల్లలు శ్మశానం బయట, రోడ్డు మీద నిలబడ్డారు. నాలో నేను స్వామిని అడిగాను: ఈయన చెప్పిన అబద్ధం భయం వల్ల చెప్పింది, ప్రేమ వల్ల చెప్పింది; నువ్వు రెండూ చూశావు కదా, చూసే తీసుకెళ్లు అని.

ఆ సాయంత్రమే టెక్కలి సారు నాకు ఫోను చేశారు. "అమ్మా, ఆదివారం వద్దులెండి. పిల్లల మనసు బాగుండదు. తరవాత ఎప్పుడైనా..." నేను జానకి వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది. "వత్తామని సెప్పమ్మా."

బడిలో అప్పటికే కర్రలకి తాళం పడింది. ఉత్త చేతుల్తో వెళ్లాం. టెక్కలి సారే తమ పాత కర్రలు, దిండ్లు ఇప్పించారు. చూడ్డానికి ఎవరూ రాలేదు, నేనూ ఇద్దరు ముగ్గురు తల్లులూ తప్ప. నేను జానకి గోలు వెనకాలే కూర్చున్నాను. ఎర్ర చొక్కాల వాళ్లు దిగుతుంటే మా పిల్లల మొహాల్లో రంగు పోవడం చూశాను. ఈసారి తెలుసు కదా. గంజి అని చెప్పే మనిషి లేడు. మొదటి గోలు అలా మొదలవగానే పడిపోయింది. రెండోది కూడా. జానకి వంగి వలలోంచి బంతి తీసి మధ్యకి విసిరింది. నేను కళ్లు మూసుకుని నామం చెప్పుకోవడం మొదలుపెట్టాను. నాలుగు పడ్డాయి మొత్తం.

చివర్లో ఎక్కడో, గ్రౌండుకి ఆ చివర టెక్కలోళ్ల గోలు దగ్గర, ఒక అరుపు వినిపించింది. నాకు దూరం సరిగా కనబడదు. మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. జానకి మాత్రం కదలకుండా, హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని అటే చూస్తోంది.

ఆ తర్వాత ఆ పిల్లలు జట్టుగా మళ్లీ ఆడలేదు. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. ఒకతె జీడి ఫ్యాక్టరీకి వెళుతోంది. జానకి పలాసలో కుట్టు నేర్చుకుంటోంది. బావగారి మాటలకి నేను ఇంకా అడ్డుపడుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్లలంతా నిద్రపోయారు. జానకి నా పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఓదార్చాలని, "పోన్లే అమ్మా, నాలుగే కదా," అన్నాను.

"నాలుగు ఆళ్లవి," అంది బయటికి చూస్తూ. "ఆ ఒక్కటి మాదేనమ్మా."